నిద్ర హార్మోన్లు, దేహంలోని సహజ ఓపియాయిడ్‌లు

పరిచయం

పగలు పనిలో ఉన్నంతసేపూ అంతగా తెలియని నడుము నొప్పి, రాత్రి మూడు గంటలకు మెలకువ వస్తే మాత్రం మళ్లీ కన్ను మూయనివ్వదు. ఈ అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. నొప్పి అదే, నడుమూ అదే. మారిందల్లా వేళ, నిద్ర. వేళను బట్టీ నిద్రను బట్టీ నొప్పి ఎందుకు మారుతుందన్నదే ఈ పాఠంలోని ప్రశ్న. జవాబు కోసం మీరు వేర్వేరు పాఠాలలో చదివిన రెండు విషయాలను ఒకచోటికి తేవాలి. ఒకటి, నిద్రతో పాటు పెరిగి తగ్గే హార్మోన్లు. రెండోది, మన శరీరమే తయారు చేసుకునే నల్లమందు లాంటి పదార్థాలు. వీటినే సహజ ఓపియాయిడ్‌లు అంటారు.

ఉదాహరణ కోసం ఆదిలాబాద్ జిల్లాలోని బోథ్ ప్రాంతాన్ని తీసుకుందాం. పొచ్చెర జలపాతం ఉన్న మండలం అంటే మీకు వెంటనే తెలుస్తుంది. నల్లరేగడి నేల, పత్తి, సోయా, చుట్టూ అడవి. పత్తి ఏరుడు చాలావరకు చలికాలంలో సాగుతుంది. ఏరేవారిలో ఎక్కువమంది స్త్రీలు. కిలోల లెక్కన కూలి కాబట్టి పొద్దంతా వంగిన నడుము ఎత్తకుండా ఏరుతారు, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటారు. అదే రోజుల్లో చేల మీద అడవిపందులు పడకుండా మంచె మీద కావలి ఉండేవారు కొందరు. చప్పుడు వినపడితే లేవాలి, డబ్బా కొట్టాలి, కేక వేయాలి, మళ్లీ ఒరగాలి. పగలంతా కండరాల నొప్పి ఒకరిది, రాత్రంతా ముక్కలైన నిద్ర మరొకరిది. చాలా ఇళ్లలో ఈ రెండూ ఒక మనిషివే. పగలు కూలికి, రాత్రి పుస్తకానికి సమయం పంచుకునే దూరవిద్య విద్యార్థి పరిస్థితి కూడా ఇంతకన్నా పెద్ద తేడాగా ఉండదు.

ఈ పాఠం చదివాక మీరు సహజ ఓపియాయిడ్‌లు ఏవో, నిద్రకు సంబంధించిన ముఖ్య హార్మోన్లు ఏవో చెప్పగలగాలి. నిద్ర తెగినప్పుడు నొప్పిని అణచే శక్తి ఎందుకు సడలుతుందో వివరించగలగాలి. బయటి నుంచి తీసుకునే ఓపియాయిడ్ మందు ఆ నిద్రను ఎందుకు తిరిగి ఇవ్వలేదో కూడా చెప్పగలగాలి.

గసగసాల మొక్క తాళంచెవి, మన మెదడులో తాళం

నల్లమందు గసగసాల మొక్క కాయ నుంచి కారే పాలు. అందులోని ముఖ్య రసాయనాన్ని 19వ శతాబ్ది తొలినాళ్లలో జర్మనీకి చెందిన సెర్ట్యూర్నర్ అనే ఔషధ తయారీదారు వేరుచేశాడు. గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు మీద దానికి మార్ఫిన్‌కు మూలమైన పేరు పెట్టాడు. ఈ పేరును గుర్తుంచుకోండి. మార్ఫిన్ కలలకు మేలు చేస్తుందో కీడు చేస్తుందో పాఠం చివరి భాగంలో తేలుతుంది.

1973లో అమెరికాలో కాండేస్ పెర్ట్, సోలమన్ స్నైడర్ మెదడు కణజాలంలో మార్ఫిన్ జాతి మందులు వచ్చి అతుక్కునే గ్రాహకాలను చూపించారు. అదే ఏడాది మరో రెండు బృందాలు కూడా విడివిడిగా ఇదే చూపించాయి. దానితో ఒక వింత ప్రశ్న పుట్టింది. ఎక్కడో పొలంలో పెరిగే మొక్క రసానికి సరిపోయే తాళం మనిషి మెదడులో ఎందుకు ఉండాలి? ఆ తాళానికి సొంత తాళంచెవి శరీరంలోనే ఉండి ఉండాలి. దాని కోసం వెతుకులాట మొదలైంది.

1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పందుల మెదడు నుంచి రెండు చిన్న పెప్టైడ్‌లను వేరుచేశారు. ఒక్కొక్క దానిలో ఐదే అమైనో ఆమ్లాలు. వాటికి ఎన్‌కెఫాలిన్‌లు అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాది చో హావో లీ ఒంటెల పీయూష గ్రంథుల నుంచి 31 అమైనో ఆమ్లాల బీటా ఎండార్ఫిన్‌ను బయటపెట్టాడు. ఒంటె గ్రంథిలో ఆయన వెతికింది నిజానికి కొవ్వును కరిగించే హార్మోన్ కోసం. బీటా ఎండార్ఫిన్‌లోని మొదటి ఐదు అమైనో ఆమ్లాలూ మెథియోనిన్ ఎన్‌కెఫాలిన్‌లోని ఐదూ ఒకటే. 1979లో గోల్డ్‌స్టైన్ బృందం డైనార్ఫిన్‌ను వర్ణించింది. అంటే ఎన్‌కెఫాలిన్‌లు, ఎండార్ఫిన్‌లు, డైనార్ఫిన్‌లు అనే మూడు కుటుంబాలు, మ్యూ, డెల్టా, కప్పా అనే మూడు ప్రధాన గ్రాహకాలు. ఏ కుటుంబానికి ఏ గ్రాహకం అని ఒక్కొక్క గీత గీసి కలపకండి. డైనార్ఫిన్ ఎక్కువగా కప్పాకు వెళుతుంది, మిగతావి మ్యూ, డెల్టాలను పంచుకుంటాయి.

ఇవి పనిచేసే తీరు సూటిగానే ఉంటుంది. గ్రాహకానికి ఓపియాయిడ్ అతుక్కుంటే ఆ నాడీకణంలోకి కాల్షియం రాక తగ్గుతుంది, పొటాషియం బయటికి పోవడం పెరుగుతుంది. కణం మందగిస్తుంది, తర్వాతి కణానికి సంకేతం అందించడం తగ్గిస్తుంది. నడుము నుంచి వచ్చే నొప్పి సంకేతం ముందుగా వెన్నుపాము వెనుక కొమ్ముకు చేరుతుంది. మధ్యమెదడులో ఒక బూడిదరంగు ప్రాంతం నుంచి మజ్జాముఖం మీదుగా కిందికి దిగే నాడీమార్గం ఒకటి అక్కడికి వచ్చి, ఆ సంకేతాన్ని ఎంతవరకు పైకి పంపాలో నిర్ణయిస్తుంది. ఈ దిగువ మార్గంలో పనిచేసే ముఖ్యమైన రసాయనాలు సహజ ఓపియాయిడ్‌లే. గాయం ఎంతో నొప్పి అంతే ఉండకపోవడానికి కారణం ఈ మార్గం. పత్తి ఏరేటప్పుడు మాటల్లో, పాటల్లో ఉన్నంతసేపు నడుము గుర్తురాకపోవడంలోనూ దీని పాత్ర ఉంది.

ఇదంతా ఊహ కాదని ఎలా తెలిసింది? నాలొక్సోన్ అనే మందు ఓపియాయిడ్ గ్రాహకాలను ఆక్రమించి, అక్కడికి వేరే ఓపియాయిడ్ చేరకుండా అడ్డుకుంటుంది. 1978లో జ్ఞానదంతం తీయించుకున్నవారిపై ఒక ప్రయోగం జరిగింది. మందు లేని ఉత్తి సూదిని మందుగా నమ్మిన కొందరిలో నొప్పి తగ్గింది. నాలొక్సోన్ ఇచ్చేసరికి ఆ ఉపశమనం పోయింది. నమ్మకం వల్ల తగ్గిన నొప్పి కూడా శరీరం సొంత ఓపియాయిడ్‌ల ద్వారానే తగ్గిందన్నమాట. నాలొక్సోన్‌తో ఒక ప్రభావం పోతే అందులో ఓపియాయిడ్‌ల పాత్ర ఉందని అర్థం చేసుకుంటాం. ఈ పరీక్ష మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

నిద్రతో ముడిపడిన హార్మోన్లు

అధోపర్యంకంలో, కంటి నాడులు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, రెండు చిన్న కణసమూహాలు ఉన్నాయి. మన జీవగడియారం అదే. ఇలాంటి గడియారాన్ని కణం లోపల జన్యువులు ఎలా నడుపుతాయో ఈగల్లో కనిపెట్టినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. చీకటి పడుతున్నదని ఈ గడియారం పీనియల్ గ్రంథికి తెలియజేస్తే ఆ గ్రంథి మెలటోనిన్‌ను వదులుతుంది. 1958లో ఏరన్ లెర్నర్ ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరుచేశాడు. ఆయన చర్మవైద్యుడు, వెతికింది చర్మం రంగును మార్చే పదార్థం కోసం. నిద్ర సంగతి తర్వాత బయటపడింది. అలవాటు ప్రకారం పడుకునే వేళకు సుమారు రెండు గంటల ముందు నుంచే మెలటోనిన్ పెరగడం మొదలవుతుంది. కంటిపై వెలుతురు పడితే తగ్గుతుంది. ఇది నిద్రమాత్రలా కొట్టి పడుకోబెట్టేది కాదు, రాత్రి అయిందని శరీరమంతటికీ చెప్పే చాటింపు లాంటిది.

కార్టిసాల్ దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. అధివృక్క గ్రంథి నుంచి వచ్చే ఈ హార్మోన్ అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉంటుంది, తెల్లవారుజామున పెరుగుతూ లేచే వేళకు శిఖరానికి చేరుతుంది. వృద్ధి హార్మోన్ మాత్రం గడియారం కన్నా నిద్ర మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. నిద్రపట్టిన తొలి గంటల్లో వచ్చే గాఢమైన మందతరంగ నిద్రతో పాటు దాని పెద్ద అల వస్తుంది. పగలు అలసిన కండరాల మరమ్మత్తుకు ఇది తోడ్పడుతుంది. ప్రొలాక్టిన్ కూడా నిద్రలో పెరుగుతుంది. ఎన్‌కెఫాలిన్‌ను పోలిన కృత్రిమ పెప్టైడ్‌ను మనుషులకు ఇచ్చినప్పుడు ఈ చివరి రెండు హార్మోన్లూ పెరిగాయి. ఓపియాయిడ్‌లకూ నిద్రలో పెరిగే హార్మోన్లకూ నడుమ దారి ఉందనడానికి ఇది ఒక సూచన.

మరో రెండు పేర్లు కూడా తెలుసుకోవాలి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పేరుకుంటూ నిద్ర బరువును పెంచే అడినోసిన్ ఒకటి. టీ, కాఫీలలోని కెఫీన్ అడ్డుకునేది దీన్నే. మనల్ని మెలకువగా నిలబెట్టే ఒరెక్సిన్ రెండోది. దీన్ని 1998లో రెండు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. ఈ రెండూ సంప్రదాయ అర్థంలో హార్మోన్లు కావు, కానీ ఇవి లేకుండా మన కథ ముందుకు నడవదు.

ఒకే తల్లి అణువు

ఈ పాఠంలో ఒక్క పేరానే జ్ఞాపకం ఉంచుకోగలమంటే ఇదే ఉంచుకోండి. పీయూష గ్రంథి కణాలు ముందుగా ప్రోఓపియోమెలనోకార్టిన్ అనే పెద్ద ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. పేరు భయపెడుతుంది కానీ అందులోనే విషయమంతా ఉంది. ఎంజైములు దాన్ని ముక్కలుగా కోస్తాయి. ఒక ముక్క అధివృక్క గ్రంథిని ప్రేరేపించి కార్టిసాల్‌ను విడుదల చేయించే హార్మోన్. మరో ముక్క నుంచి వచ్చేది బీటా ఎండార్ఫిన్. ఒత్తిడికి శరీరాన్ని సిద్ధం చేసేదీ, నొప్పిని అణచేదీ ఒకే తల్లి బిడ్డలు. అధోపర్యంకం నుంచి ఒక ఆదేశం వస్తే పీయూష గ్రంథి రెండింటినీ కలిపే రక్తంలోకి వదులుతుంది.

కాబట్టి రక్తంలో బీటా ఎండార్ఫిన్ కూడా కార్టిసాల్ బాటలోనే నడుస్తుంది, ఉదయం ఎక్కువగా, రాత్రి పొద్దుపోయాక తక్కువగా. నిద్ర వేళలు చెదిరితే ఈ మొత్తం వరుస చెదురుతుంది. 1999లో చికాగోలో ఈవ్ వాన్ కాటర్ బృందం 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రుల పాటు రోజుకు నాలుగు గంటలే పడుకోనిచ్చింది. సాయంత్రం పూట తగ్గి ఉండవలసిన కార్టిసాల్ వారిలో ఎక్కువగా కనిపించింది.

పరీక్ష పేపర్లు దిద్దినన్నాళ్లూ నాకు తరచూ కనిపించిన ఒక తప్పును మీరు చేయకండి. రక్తంలో బీటా ఎండార్ఫిన్ పెరిగింది కనుక మెదడులో నొప్పి తగ్గింది అని రాస్తారు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను ఈ పెప్టైడ్ సులభంగా దాటలేదు. మెదడుకు సొంత బీటా ఎండార్ఫిన్ కణాలు అధోపర్యంకంలోనే ఉన్నాయి. రక్తంలో కొలిచిన అంకె పీయూష గ్రంథి పనిని చెబుతుంది, మెదడులో జరిగేదాన్ని కాదు.

ఇప్పుడు రాత్రి మూడు గంటల ప్రశ్నకు వద్దాం. ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు 12 మంది యువకులను 34 గంటలు మసక వెలుతురులో, నిద్రపోనివ్వకుండా, పడకకు ఆనించి ఉంచి, రెండేసి గంటలకు ఒకసారి వేడితో నొప్పిని కొలిచారు. 2022లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి తీవ్రత తెల్లవారుజామున 3.30 ప్రాంతంలో అత్యధికంగా, మధ్యాహ్నం 3.30 ప్రాంతంలో అత్యల్పంగా ఉంది. బయట రాత్రో పగలో తెలియని గదిలో కూడా నొప్పి గడియారం ప్రకారమే పెరిగి తగ్గింది. నిద్ర లేకపోవడం వల్ల మెల్లగా పెరిగే నొప్పి దీనికి అదనం, కానీ వారి లెక్కలో ఎక్కువ వంతు జీవగడియారానిదే. దీనికి కారణం బీటా ఎండార్ఫిన్ ఒక్కటే అని రాయకండి. ఆ ప్రయోగం దాన్ని కొలవలేదు.

మెలటోనిన్‌కూ నొప్పికీ సంబంధం ఉందా? జంతువుల్లో ఉంది. మెలటోనిన్ ఇస్తే ఎలుకల్లో నొప్పి సహనం పెరుగుతుంది. నాలొక్సోన్ ఇస్తే ఆ ప్రభావం తగ్గిపోతుంది. ఇందాక చెప్పుకున్న పరీక్షే ఇది. మెలటోనిన్ నేరుగా ఓపియాయిడ్ గ్రాహకాన్ని పట్టుకున్నట్లు కాదు, శరీరం సొంత ఓపియాయిడ్‌లను కదిలించడం ద్వారా పనిచేస్తున్నట్లు అర్థం. మనుషుల్లో ఫలితాలు అంత నిలకడగా లేవు. కాబట్టి మెలటోనిన్‌ను నొప్పి మందుగా భావించకండి.

నిద్ర తెగితే ఏమవుతుంది

1984లో నెదర్లాండ్స్‌లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు పునాది లాంటివి. కలలు వచ్చే దశ అయిన వేగనేత్రచలన నిద్రను మాత్రం దక్కకుండా చేశారు. తర్వాత మూడు రకాలుగా పరీక్షించారు. చల్లని నీటిలో ఈదించినప్పుడు సహజంగా వచ్చే నొప్పి నివారణ తగ్గింది. ఎన్‌కెఫాలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుని సహజ ఓపియాయిడ్‌ను ఎక్కువసేపు నిలబెట్టినా పూర్వపు ఫలితం రాలేదు. చివరికి మార్ఫిన్ ఇచ్చినా దాని పని తగ్గింది. మూడింటినీ కలిపి చూడండి. సహజ ఓపియాయిడ్ పరిమాణం తగ్గడం ఒక్కటే కారణమైతే బయటి నుంచి ఇచ్చిన మార్ఫిన్ బాగా పనిచేయాలి. అదీ పనిచేయలేదంటే గ్రాహకం దగ్గరో ఆ తర్వాతి దారిలోనో కూడా పట్టు సడలిందన్నమాట.

బోథ్ మంచె మీది మనిషికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది 2007లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో మైకేల్ స్మిత్ బృందం ప్రచురించిన అధ్యయనం. పాల్గొన్నవారు 32 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలు. ఒక గుంపును మామూలుగా పడుకోనిచ్చారు. రెండో గుంపును రాత్రంతా మళ్లీ మళ్లీ లేపారు. మూడో గుంపును ఆలస్యంగా పడుకోబెట్టి, రెండో గుంపుకు దక్కినంత నిద్రే దక్కేలా చేశారు, కానీ ఆ కొంచెమూ ఏకబిగిన. గంటల లెక్క రెండింటికీ సమానం. ఒక నొప్పి ఇంకో నొప్పిని అణచే గుణం మన శరీరానికి ఉంది. ఆ దిగువ మార్గంలో ఓపియాయిడ్‌ల పాత్ర గురించి పైన చెప్పుకున్నాం. మళ్లీ మళ్లీ లేపిన గుంపులో ఆ గుణం దెబ్బతింది, వారికి కారణం లేని నొప్పులు కూడా వచ్చాయి. తక్కువే అయినా ఏకంగా పడుకున్న గుంపులో అలా జరగలేదు.

దీని అర్థాన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. నాలుగు గంటల నిద్ర అని మనం ఒకే మాటలో అంటాం. శరీరానికి మాత్రం నాలుగు గంటలు ఒక ముక్కగా రావడం వేరు, ఎనిమిది ముక్కలుగా రావడం వేరు. ముక్కలైన నిద్రలో గాఢనిద్ర నిలదొక్కుకోదు, వృద్ధి హార్మోన్ అల సరిగా రాదు, ప్రతి మెలకువతో ఒత్తిడి వ్యవస్థ ఒకసారి ఉలిక్కిపడుతుంది. పసిబిడ్డ తల్లిదీ, మంచె కావలిదీ, వ్యవసాయ కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో మోటారు వేయడానికి పడిలేచిన రైతుదీ ఒకే రకం రాత్రి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు దాన్ని అందరూ పంట లెక్కలోనే చూశారు. నిద్ర లెక్కలో కూడా చూడవలసిందని నా అభిప్రాయం.

ఈ కారణం చేత నాదొక సలహా. ఇంట్లో ఇద్దరు కావలికి ఉంటే గంటకొకరు చొప్పున మారకండి. పొద్దుపోయే దాకా ఒకరు, అర్ధరాత్రి దాటాక ఇంకొకరు ఉండండి. ఇద్దరికీ దక్కే గంటలు అవే, కానీ ఒక్కొక్కరికీ ఏకబిగిన ఒక ముక్క దక్కుతుంది. పరీక్షల ముందు చదువుకునేటప్పుడూ ఇదే పద్ధతి పాటించవచ్చు. అలారం పెట్టుకుని మూడుసార్లు లేచి చదవడం కన్నా ఆలస్యంగా పడుకోవడమో పెందలాడే లేవడమో మేలు.

మెదడులో ఏం మారుతుందో 2019లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆడమ్ క్రౌస్, మాథ్యూ వాకర్ చూపించారు. ఒక రాత్రి నిద్ర లేనివారి కాలికి వేడి తగిలిస్తే, నొప్పిని గ్రహించే వల్కల ప్రాంతం ఎక్కువగా స్పందించింది. నొప్పి విలువను తూచి మోతాదు చేసే లోపలి ప్రాంతాలు తక్కువగా స్పందించాయి. అంటే గంట మోగే శబ్దం పెరిగింది, దాన్ని తగ్గించే చెయ్యి బలహీనపడింది.

నొప్పి వల్ల నిద్ర పోదా అని మీరు అడగవచ్చు. పోతుంది. అయితే రెండు దిశలనూ కాలక్రమంలో గమనించిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, చెడిన నిద్ర మరుసటి నొప్పిని సూచించినంత బలంగా నొప్పి మరుసటి నిద్రను సూచించడం లేదని 2013లో స్మిత్ సహచరులే ఒక సమీక్షలో రాశారు. వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించేవారికి ఇది చిన్న సంగతి కాదు.

దండారీ రాత్రులు

ఇక్కడ మీలో ఆదిలాబాద్ వారికి ఒక సందేహం రావాలి. దీపావళి రోజుల్లో గోండు గూడేలలో దండారీ ఆడతారు. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి అతిథులుగా వెళ్లి రాత్రి పొద్దుపోయే దాకా డప్పుల మోతకు అడుగు వేస్తారు. ఈ నృత్యానికే మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. రోజుల తరబడి నిద్ర తక్కువ, నడక ఎక్కువ, అయినా ఆడేవారు ఒళ్లునొప్పులని కూలబడరు. ఇది పై సిద్ధాంతానికి విరుద్ధం కాదా?

కాదు. సహజ ఓపియాయిడ్‌లను లేపే దారులు నిద్ర కాక ఇంకా ఉన్నాయి. 2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 12 మంది పడవ పందెగాళ్లను 45 నిమిషాలు యంత్రం మీద తెడ్డు వేయించారు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి కలిసి ఒకే లయలో. తర్వాత బీపీ పట్టీని చేతికి బిగించి ఎంతవరకు ఓర్చుకుంటారో చూశారు. శ్రమ ఒకటే అయినా కలిసి వేసినప్పుడు ఓర్పు ఎక్కువగా ఉంది. కలిసి కదలడం వల్ల ఎండార్ఫిన్ విడుదల పెరిగిందని వారు దాన్ని అర్థం చేసుకున్నారు. గుస్సాడీ బృందంలో ఆ రెండూ ఉన్నాయి, కఠిన శ్రమ ఉంది, ఒకే లయ ఉంది. కలుపు తీసేటప్పుడూ నాట్లు వేసేటప్పుడూ స్త్రీలు ఎత్తే పాటను కూడా ఈ కోణంలో చూడవచ్చు.

ఇందులో ఒక జాగ్రత్త పాటించాలి. శ్రమ తర్వాత కలిగే హాయి అంతా ఎండార్ఫిన్ వల్లే అనుకోవడం పత్రికలు పెంచిన అలవాటు. 2008లో జర్మనీలో పదిమంది పరుగు క్రీడాకారులను రెండు గంటల పరుగుకు ముందూ తర్వాతా మెదడు చిత్రాలు తీసి చూస్తే సహజ ఓపియాయిడ్‌ల విడుదల కనిపించిన మాట నిజమే. కానీ 2015లో ఎలుకలపై చేసిన పని, గంజాయి గ్రాహకాలపై పనిచేసే మరో జాతి సహజ పదార్థాలకు ఈ హాయిలో పెద్ద వాటా ఉందని చూపింది. రెండు వ్యవస్థలూ కలిసి పనిచేస్తాయని రాస్తే సరిపోతుంది. ఇంకొకటి, పండుగ ఊపు నిద్ర అప్పును వాయిదా వేస్తుంది కానీ రద్దు చేయదు. అడినోసిన్ లెక్క అలాగే పేరుకుంటుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: బీటా ఎండార్ఫిన్, కార్టిసాల్ రెండూ ఉదయం పూట పెరగడానికి ఉమ్మడి కారణం ఏమిటి? ముక్కలైన నిద్రకూ తక్కువైన నిద్రకూ నొప్పి విషయంలో తేడా ఏమిటి? పుస్తకం మూసి, ఒక్కొక్క దానికి ఐదు వాక్యాలు రాయండి.

మార్ఫియస్ పేరు పెట్టుకున్న మందు

సహజ ఓపియాయిడ్ బలహీనపడితే బయటి నుంచి ఓపియాయిడ్ తీసుకుంటే సరిపోదా? నొప్పి ఉంది, నిద్ర లేదు, మాత్ర వేస్తే రెండూ తీరతాయని అనిపిస్తుంది. మార్ఫిన్ జాతి మందు మగతను ఇస్తుంది. మగత, నిద్ర ఒకటి కావు. మెదడు తరంగాలను నమోదు చేసి చూస్తే ఈ మందులు గాఢమైన మందతరంగ నిద్రనూ, కలల నిద్రనూ తగ్గిస్తాయి, తేలిక నిద్రను పెంచుతాయి. కలల దేవుడి పేరు పెట్టుకున్న మందు కలల నిద్రనే కోస్తుంది. జంతువుల్లో ఇవి మెదడులో నిద్రను కలిగించే కణాలను అణచడం, కొన్ని ప్రాంతాల్లో అడినోసిన్‌ను తగ్గించడం కనిపించింది. అప్పుడు ఒక గుండ్రని దారి ఏర్పడుతుంది. మందు నొప్పిని తగ్గిస్తుంది, నిద్ర నాణ్యతను చెడగొడుతుంది. చెడిన నిద్ర మళ్లీ నొప్పిని పెంచుతుంది. ఎలుకల ప్రయోగం చెప్పినట్టు మందు బలాన్ని కూడా తగ్గిస్తుంది. అదే ఫలితానికి మోతాదు పెంచవలసి వస్తుంది.

ఒరెక్సిన్‌ను ఇక్కడ మళ్లీ తలచుకోవాలి. మెలకువను నిలబెట్టే ఈ కణాలే డైనార్ఫిన్‌ను కూడా తమ లోపల నిల్వ ఉంచుకుంటాయని 2001లో తెలిసింది. అంటే మెలకువ రసాయనమూ ఓపియాయిడూ ఒకే కణంలో కాపురం చేస్తున్నాయి. 2018లో జెరోమ్ సీగెల్ బృందం హెరాయిన్‌కు అలవాటుపడి మరణించినవారి మెదళ్లను పరిశీలించి, ఒరెక్సిన్‌ను తయారు చేసే కణాలు సగటున 54 శాతం ఎక్కువగా కనిపించాయని చెప్పింది. ఓపియాయిడ్ మానేసినవారిని వారాల తరబడి వేధించే నిద్రలేమిని అర్థం చేసుకోవడానికి ఇది ఒక ఆధారం.

ఇది పట్టణాల సమస్య అనుకోకండి. ఒళ్లునొప్పులకు ఊళ్లో దొరికే మాత్రలలో ఏది ఏ జాతిదో తెలిసి ఉండటం డిగ్రీ విద్యార్థిగా మీ బాధ్యత. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ ఓపియాయిడ్‌లు కావు. వాటి ప్రమాదాలు వేరు, కాలేయం, కడుపు, మూత్రపిండాలు. ట్రమడాల్ ఓపియాయిడ్ జాతిది. 2018లో కేంద్ర ప్రభుత్వం దాన్ని మాదకద్రవ్యాల, మానసిక ప్రభావ పదార్థాల చట్టం పరిధిలోకి తెచ్చింది. వైద్యుడి చీటీ లేకుండా ఎవరైనా ఇస్తే తీసుకోకండి. ఉత్తర తెలంగాణలో మరొక సంగతి, కల్తీ కల్లు. అందులో కలిపే ఆల్ప్రజోలమ్, డయాజెపామ్ ఓపియాయిడ్‌లు కావు, మెదడును మందగింపజేసే గాబా అనే మరో రసాయనం పనిని పెంచే మత్తుమందులు. ఇవి కూడా గాఢనిద్రను తగ్గిస్తాయి. అలవాటైన మనిషికి ఒక్కసారిగా అందకపోతే వణుకు, భ్రమలు, మూర్ఛలు రావచ్చు. అలాంటి వ్యక్తిని ఇంట్లో కట్టిపడేయడం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మత్తుమందూ ఓపియాయిడ్ మాత్రా ఒకే రాత్రి శరీరంలో కలిస్తే మజ్జాముఖంలోని శ్వాస కేంద్రం మందగిస్తుంది. నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. పడుకున్న మనిషి విపరీతమైన గురక పెడుతూ, పెదవులు నీలిరంగుకు తిరిగి, కదిపినా లేవకపోతే అది గాఢనిద్ర కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కేన్సర్ నొప్పికీ, శస్త్రచికిత్స తర్వాతి నొప్పికీ వైద్యులు మార్ఫిన్ ఇస్తే భయపడి మాన్పించవద్దని కూడా చెప్పాలి. అక్కడ లెక్క వేరు. ఆ నొప్పే నిద్రను పూర్తిగా చంపుతుంది కాబట్టి తగిన మోతాదు వల్ల మొత్తం మీద మేలే జరుగుతుంది.

అభ్యాసం

ఏడు రోజుల పాటు ఒక నోటు పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: పడుకున్న వేళ, లేచిన వేళ, రాత్రి మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఉదయం లేవగానే ఒంట్లో నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత. మొత్తం నిద్ర గంటలకూ నొప్పి అంకెకూ ఒక పటం గీయండి. మెలకువల సంఖ్యకూ నొప్పి అంకెకూ ఇంకొక పటం గీయండి. రెండింటిలో ఏ గీత స్పష్టంగా వంపు తిరిగిందో చూసి, 2007 నాటి అధ్యయనంతో పోల్చి ఒక పేజీ రాయండి. ఇంట్లో పత్తి ఏరేవారో కావలి ఉండేవారో ఉంటే, వారు ఒప్పుకుంటే, వారి ఏడు రోజులు కూడా నమోదు చేయండి. అంకెలు మీరు అనుకున్నట్టు రాకపోయినా మార్చకండి, వచ్చినవి వచ్చినట్టే తరగతుల రోజున అధ్యయన కేంద్రానికి తీసుకురండి.